మంటకి పైన మీ ఇష్టం: పాత గ్యాస్ గ్రిల్‌కి మళ్లీ ప్రాణం పోయడం గురించి

మీరు అడిగినవి నాలుగు సంగతులు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కొన్న ఇంటి పెరట్లో పాత ఓనరు వదిలేసిపోయిన ఎర్రమూత గ్యాస్ గ్రిల్, వెబర్ కంపెనీ జెనెసిస్ 1000 ఉంది, దాన్ని ఉంచుకోవాలా, పారేసి మూడొందల డాలర్లలో కొత్తది తెచ్చుకోవాలా అన్నది మొదటిది. మూడు బర్నర్లూ పూర్తిగా తిప్పినా వేడి 250 డిగ్రీలు (ఇక్కడ డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే) దాటట్లేదన్నది రెండోది. మూత లోపలి పెయింటు పెచ్చులూడి చికెన్ మీద పడుతోందన్నది మూడోది. దోశల పెనం అమర్చుకోవడం, తందూరీలా మార్చుకోవడం, ఇంటి నేచురల్ గ్యాస్ లైనుకి కలపడం, ఇవన్నీ చేయొచ్చా అన్నది నాలుగోది.

నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. పద్నాలుగేళ్లలో పదకొండు గ్రిల్స్ విప్పి బిగించాను. మొదటిది గరాజ్ సేల్‌లో 25 డాలర్లకి తెచ్చినప్పుడు మా ఆవిడ దాన్ని ఇంట్లోంచి కనపడని మూలకి నెట్టించింది. ఇప్పుడు వంకాయ కాల్చాలంటే ఆవిడే ముందు దాని దగ్గరికి వెళ్తుంది.

వివరాల్లోకి వెళ్లేముందు ఒక మాట. నేను వీటిమీద పనిచేసేటప్పుడు పెట్టుకున్న గీత ఒకటే: మంటకి పైన ఉన్నదంతా మన ఇష్టం, మంటకి కింద ఉన్నది మన ఇష్టం కాదు. అంటే పెనాలు, కడ్డీలు, ఇటుకలు, చువ్వలు, బల్లచెక్కలు మీకు తోచినట్టు మార్చుకోండి. రెగ్యులేటరు, హోసు, వాల్వు, దాని ముక్కున ఉండే చిన్న రంధ్రం, ఇవి మాత్రం పాడైతే అదే మోడల్‌కి సరిపడే కొత్తవి వేయండి, అంతే. మీ నాలుగో ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది.

ఉంచుకోవాలా వద్దా అన్నది తేల్చడానికి ఒక స్క్రూడ్రైవరు చాలు. కింద కాళ్ల దగ్గర, చక్రాల ఇరుసు దూరే చోట, అడుగున అడ్డంగా ఉండే ఇనుప ఫ్రేమ్ చివర్లలో స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవండి. టంగుమని మోగితే అది పైపై తుప్పు, గీకితే పోతుంది. మొన లోపలికి దిగిపోతే ఫ్రేమ్ కుళ్లిందన్నమాట. అలాంటిదాన్ని వెల్డింగ్ చేయించుకునే ఓపిక లేకపోతే వదిలేయండి. మంట ఉండే పెట్టె గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. ఈ మోడల్‌లో అది పోత పోసిన అల్యూమినియం. మన పాత సత్తు గిన్నెల్లాగే తెల్లటి పొడి పడుతుంది తప్ప తుప్పు తినదు. మూత మీదిది పింగాణీ పూత, రాయి తగిలి పెచ్చు లేచిన చోట తప్ప దానికి వయసు తెలీదు. మూడొందల డాలర్ల కొత్త గ్రిల్‌లో ఎక్కువగా ఉండేది పెయింటు వేసిన పల్చటి ఇనుప రేకు. దాని అడుగు నాలుగైదేళ్లలో చిల్లులు పడటం నేను చాలా ఇళ్లలో చూశాను. జెనెసిస్ 1985లో వచ్చింది. ఆ పాతవాటికి సరిపోయే బర్నర్లు, కడ్డీలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. పాతదాన్ని బాగుచేయడంలో అసలు లాభం అదే.

ఆర్డర్ పెట్టేముందు మాత్రం సీరియల్ నంబరు స్టిక్కరు వెతకండి. మొదట్లో ఉండే రెండు అక్షరాలు అది ఏ ఏడాదిదో చెబుతాయి. చూపుకి ఒకేలా ఉండే మోడల్స్‌లో కూడా బర్నరు మీద కప్పే రేకుల పొడవు ఒక అంగుళం తేడా ఉంటుంది. టేపుతో కొలిచి కొనండి. నేను కొలవకుండా కొని రెండుసార్లు వెనక్కి పంపాను.

ఇక 250 డిగ్రీలు. మీరు రాసిన లక్షణాలు చూస్తే గ్రిల్ పాడైనట్టు నాకు అనిపించట్లేదు. ట్యాంకుకి బిగించే ప్లాస్టిక్ నట్టులో గ్యాస్ వేగాన్ని కాపలా కాసే చిన్న పరికరం ఉంటుంది. హోసు ఎక్కడైనా తెగితే గ్యాస్ ఒక్కసారిగా దూసుకుపోతుంది కదా, అప్పుడు దారి దాదాపుగా మూసేయడం దాని పని. మనం ట్యాంకు వాల్వును ఒక్క విసురుతో తిప్పినా, గ్రిల్ నాబ్ తెరిచే ఉంచి ట్యాంకు తెరిచినా, హోసు తెగిందనే అది అనుకుంటుంది. ఇక ఆ తరవాత సన్నటి ధార మాత్రమే వదులుతుంది. మంటలు వెలుగుతాయి, నీలంగానే ఉంటాయి, కానీ పిల్లి మీసాల్లా చిన్నగా. గంటసేపు కాచినా వేడి 250 దగ్గరే ఆగిపోతుంది. "రెగ్యులేటర్ పోయింది" అని నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావాటి జబ్బు ఇదే.

మందు సులువు. మూడు నాబ్‌లూ కట్టేయండి, ట్యాంకు కట్టేయండి, నట్టు పూర్తిగా విప్పేయండి, ఒక కాఫీ తాగి రండి. మళ్లీ బిగించి, నాబ్‌లు మూసే ఉంచి, ట్యాంకు వాల్వును నిద్రపోతున్న పసిబిడ్డ గది తలుపు తీసినట్టు నెమ్మదిగా తిప్పండి. కొన్ని సెకన్లు ఆగి, మూత తెరిచి, ముందువైపు ఉన్న బర్నరు వెలిగించండి. అదీ సరిగా మండకపోతే అప్పుడు రెగ్యులేటరు మార్చే ఆలోచన చేద్దాం. మీ హోసు చివర ప్లాస్టిక్ నట్టు కాకుండా, స్పానర్‌తో ఎడమవైపు తిప్పి బిగించే ఇత్తడిది ఉంటే మాత్రం పరీక్షలు పెట్టుకోకండి, హోసు, రెగ్యులేటరు రెండూ కలిపి కొత్తవి వేసేయండి. అది 1990ల మొదట్లోని బిగింపు. ఆ రబ్బరు వయసు మీ అబ్బాయి వయసుకన్నా ఎక్కువ.

ట్యాంకు కూడా చూడండి. పైన కాలర్ మీద నెల, సంవత్సరం గుద్ది ఉంటాయి. తయారైన 12 ఏళ్ల తరవాత మళ్లీ పరీక్ష చేయించనిదే నింపకూడదు. వాల్వు పిడి త్రికోణంగా ఉందా అన్నది ఇంకో గుర్తు. 80 శాతానికి మించి నిండకుండా ఆపే ఏర్పాటు దాని లోపల ఉంటుంది, 2002 నుంచి అది లేని ట్యాంకులు ఇక్కడ నింపరు. పాత ఓనరు వదిలిన ట్యాంకు గుండ్రటి పిడిదైతే మార్చి ఇచ్చే చోట ఇచ్చేయండి.

మంట చిన్నది కాదు, పసుపుపచ్చగా ఊగుతోంది, లేదా ఒక పక్కే మండుతోంది అంటే నేరం సాలీడుది. నవ్వకండి. ట్యాంకులో ఉండే ప్రొపేన్ గ్యాస్‌కి కలిపే వాసన వాటికి ఇష్టమంటారు కొందరు. కారణం ఏదైనా సన్నటి చీకటి గొట్టం కనపడితే వాటికి ఇల్లే. వాల్వు ముక్కు నుంచి బర్నరులోకి వెళ్లే గొట్టంలో గ్యాస్, గాలి కలుస్తాయి. అక్కడ గూడు కడితే గాలి చాలక మంట పచ్చబడుతుంది, మసి పడుతుంది. మరీ పూడిపోతే గ్యాస్ వెనక్కి తన్ని నాబ్‌ల దగ్గరే అంటుకుంటుంది. మా వీధిలో ఒకరి గ్రిల్‌లో ఆ గొట్టం నుంచి నేను లాగిన గూడు చిటికెన వేలంత ఉంది, తెల్లగా, దూది పీచులా, మధ్యలో గుడ్ల సంచితో సహా.

బర్నరు బయటికి తీసి, బాటిల్ బ్రష్షుని గొట్టం నిండా ఆడించండి. మంట వచ్చే చిన్న రంధ్రాల మీద స్టీలు బ్రష్షుని అడ్డంగా రుద్దాలి, బర్నరు పొడవునా కాదు. పొడవునా రుద్దితే రంధ్రాల అంచులు సాగి మంట ఎగుడుదిగుడు అవుతుంది. పూడిన రంధ్రాన్ని సన్నటి తీగతో పొడిచి తెరవండి, డ్రిల్లు మాత్రం పెట్టకండి. రెండు రంధ్రాలు కలిసి ఒకటైపోయిన చోటు కనిపిస్తే ఆ బర్నరు ఆయుష్షు తీరింది. తిరిగి పెట్టేటప్పుడు వాల్వు ముక్కు బర్నరు గొట్టం లోపలికి వెళ్లిందా లేదా అన్నది టార్చి వేసి, వంగి, కళ్లతో చూడండి. ఊరికే ఆనించి ఉంచితే చూపుకి సరిగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం గొట్టం బయట పోగవుతుంది. ఈ పనంతటిలో నేను రెండోసారి, మూడోసారి చూసుకునే చోటు ఇదొక్కటే.

మూత లోపల ఊడుతున్నది పెయింటు కాదు. ఈ మూతకి లోపల పెయింటే ఉండదు, ఉన్నది పింగాణీ. ఏళ్ల తరబడి ఎగిసిన కొవ్వు, పొగ పొరలు పొరలుగా బొగ్గయి, ఎండి, పెచ్చులుగా లేస్తాయి. కట్టెల పొయ్యి మీది అటక గుర్తుందా, అదే సంగతి. విషమేం కాదు గానీ చికెన్ మీద పడితే ఎవరికి బాగుంటుంది? చల్లగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ పుట్టీ బ్లేడుతో గీకితే పెద్ద పెద్ద రేకులుగా వచ్చేస్తుంది. నలిపి విసిరేసిన అల్యూమినియం ఫాయిలు ఉండతో మిగిలింది రుద్దండి. తరవాత వేడినీళ్లు, గిన్నెల సబ్బు.

పెట్టె లోపలికి వచ్చేసరికి నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. మొదటి గ్రిల్‌కి ఓవెన్ శుభ్రం చేసే నురగ స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాను. అందులో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్. జిడ్డుని కరిగించినంత ఇష్టంగానే అల్యూమినియాన్నీ తింటుంది, తింటూ హైడ్రోజన్ వదులుతుంది. పొద్దున లేచి చూస్తే పెట్టె అంతా నల్లగా, గరుగ్గా, బుసబుసలాడుతూ ఉంది. ఆ మచ్చలు ఇప్పటికీ పోలేదు. పుట్టీ బ్లేడు, సబ్బు నీళ్లు, మొండిగా ఉన్న చోట ఇత్తడి బ్రష్షు చాలు. తెల్లటి పొడికి వెనిగరు తుడిస్తే పోతుంది. కొత్తదానిలా మెరవాలన్న పట్టు అక్కర్లేదు. జిడ్డు జారే వాలు, కింద ట్రేలోకి దిగే రంధ్రం మాత్రం నున్నగా ఉండాలి. అక్కడ కొవ్వు నిలిస్తే ఏదో ఒక ఆదివారం అది అంటుకుంటుంది. అడుగున ఫాయిలు పరవడం కూడా ఇదే కారణానికి వద్దు, మడతల్లో కొవ్వు గుంటలు కడుతుంది.

బోల్టుల గురించి తొందర పడకండి. ఇనుప బోల్టు అల్యూమినియంలో పాతికేళ్లు కూర్చుంటే రెండూ ఒకటైపోతాయి. సాయంత్రం తుప్పు వదిలించే నూనె కొట్టి, మర్నాడు మళ్లీ కొట్టి, అప్పుడు స్పానరు పెట్టండి. ముందు కొద్దిగా బిగించే వైపు కదిపి, తరవాత విప్పే వైపు. బలం పెడితే తల విరిగి చేతికొస్తుంది, అక్కణ్నుంచి రోజు పని వారం పని అవుతుంది. తిరిగి బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ బోల్టులు వేసి, మరలకి యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా ఆపే పేస్టు) పూయండి.

బర్నర్ల మీద గుడారంలా వాలి ఉండే రేకుల్ని ఫ్లేవరైజర్ బార్లు అంటారు. అవి రాకముందు గ్రిల్స్‌లో లావా రాళ్లు పరిచేవారు. రాళ్లు స్పాంజిలా కొవ్వు పీల్చుకుని, ఉన్నట్టుండి భగ్గుమనేవి. వాలు రేకు మీద పడ్డ కొవ్వు కొంత ఆవిరై పొగవుతుంది, మిగతాది జారిపోతుంది. మీవి జల్లెడలా అయి ఉంటాయి, మార్చక తప్పదు. పింగాణీ పూత రేకులు చవక, రెండు మూడేళ్లు వస్తాయి. స్టెయిన్‌లెస్‌లో 304 రకం మందపువి కొంచెం ఖరీదు, నా గ్రిల్‌లో ఎనిమిదో ఏడు నడుస్తున్నాయి. అమ్మేవాడు ఏం రాసినా ఒక అయస్కాంతం ఆనించి చూడండి. గట్టిగా అంటుకుంటే అది 304 కాదు. జింకు పూత ఉన్న తెల్ల రేకుని, ఎంత చవగ్గా దొరికినా, మంట మీదికి తీసుకురాకండి. కాలితే వచ్చే పొగ మంచిది కాదు.

వంట కడ్డీలు పోత ఇనుమువైతే, మీరు తుప్పని భయపడుతున్నది మన దోశ పెనం మీద పట్టే తుప్పే. సగం వెనిగరు, సగం నీళ్లలో రెండు మూడు గంటలు నానబెట్టి, ఇనుప పీచుతో తోమి, వెంటనే ఆరబెట్టి, పల్చగా నూనె రాసి కాల్చండి. అలా మూడుసార్లు. పింగాణీ పూత కడ్డీలైతే పెచ్చు లేచిన దగ్గర్నుంచి ఊడుతూనే ఉంటాయి, వాటి మీద శ్రమ దండగ. ఇంకో సంగతి, తీగ బ్రష్షులు. 2012లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఒక నివేదిక వేసింది, రోడ్ ఐలాండ్‌లోని ప్రావిడెన్స్‌లో గ్రిల్ బ్రష్షు నుంచి ఊడిన తీగ మాంసంతో పాటు మింగి ఆరుగురు ఆస్పత్రి పాలయ్యారని. పని పూర్తయ్యాక కడ్డీల్ని తడిగుడ్డతో ఒకసారి తుడవండి. వంట రోజుల్లో నేను సగానికి కోసిన ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి రుద్దుతాను. అమ్మ పెనం మీద చేసినట్టే.

రంగు, చెక్క పనులు మీకే తెలుస్తాయి. పెట్టెకి బయట మాత్రమే 1200 డిగ్రీలు తట్టుకునే స్ప్రే, లోపల ఏ రంగూ వద్దు. ఫ్రేమ్‌కి తుప్పు గీకి ప్రైమరు, పెయింటు. ఎర్రమూతని కార్ల పాలిష్‌తో రుద్దితే మీరే ఆశ్చర్యపోతారు. చెక్క పలకలు కుళ్లి ఉంటే టేకువి కోయించి వేసుకోండి, మిగతా గ్రిల్‌కన్నా వాటికే ఎక్కువ మెచ్చుకోళ్లు వస్తాయి.

అన్నీ బిగించాక, వెలిగించేముందు, సబ్బు నీళ్ల పరీక్ష. గిన్నెల సబ్బు, నీళ్లు సగం సగం కలిపి, నాబ్‌లన్నీ మూసి, ట్యాంకు తెరిచి, ప్రతి అతుకు దగ్గరా, హోసు పొడవునా బ్రష్షుతో పూయండి. మా ఊళ్లో స్టవ్వులు బాగుచేసే అతను అగ్గిపుల్ల గీసి అతుకు చుట్టూ తిప్పేవాడు, మేం పిల్లలం చుట్టూ నిలబడి చూసేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, ఎగిరిపోదు, పెట్టె అడుగున, నేల వారన నిలబడి కాచుకుంటుంది. బుడగ లేచి పెరుగుతుంటే ట్యాంకు కట్టి, అతుకు బిగించి, మళ్లీ చూడండి. హోసు మధ్యలోంచి బుడగ వస్తే టేపు చుట్టొద్దు, హోసు మార్చండి.

వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉండాలి. ఐదు సెకన్లలో అంటుకోకపోతే అన్నీ కట్టేసి ఐదు నిమిషాలు ఆగాలి. నేను ఒక థాంక్స్‌గివింగ్‌నాడు మూత వేసి ఉండగానే బటను నొక్కాను. ఒకటి, రెండు, మూడోసారికి మూత దానంతటదే లేచింది. చుట్టాలందరూ చూస్తుండగా కనుబొమ్మలు పోయాయి. సోమవారం ఆఫీసులో మీటింగులన్నీ కెమెరా ఆపేసే చేశాను.

ఇప్పుడు మార్పులు. నేచురల్ గ్యాస్ గురించి ముందే చెప్పేస్తాను, వద్దు. ఘనపుటడుగు ప్రొపేన్‌లో దాదాపు 2,500 బీటీయూల (బీటీయూ అంటే వేడికి కొలత) వేడి ఉంటే నేచురల్ గ్యాస్‌లో సుమారు వెయ్యి. పైగా ప్రొపేన్ రెగ్యులేటరు వదిలేది 11 అంగుళాల నీటి పీడనం (అంత ఎత్తు నీళ్లు కిందికి నొక్కేంత), ఇంటి లైనులో వచ్చేది అంతకన్నా తక్కువ. అదే మంట రావాలంటే వాల్వు ముక్కున ఉండే రంధ్రాలు పెద్దవి కావాలి, వాటికి తగ్గ వాల్వులు కావాలి. డ్రిల్లుతో రంధ్రం పెద్దది చేసేవాళ్ల వీడియోలు చూసి మీరు అడిగి ఉంటారు. ఆ రంధ్రం వెంట్రుకంత తేడాతో మంట నడవడిక మారిపోతుంది. ఆపైన పెరట్లోకి లైను లాగాలంటే న్యూజెర్సీలో పర్మిట్టు, లైసెన్సున్న ప్లంబరు. నేచురల్ గ్యాస్ కావాలనుకుంటే దానికోసమే చేసిన గ్రిల్ కొనడం మేలు. ట్యాంకులు మోయడం బాధ అంటారా, లెక్క వేసుకోండి: 20 పౌండ్ల ట్యాంకులో సుమారు 4,30,000 బీటీయూలు ఉంటాయి, మీ గ్రిల్ మూడు బర్నర్లూ పూర్తిగా తిప్పితే గంటకి 36,000. అంటే ఆపకుండా పన్నెండు గంటలు. రెండు ట్యాంకులు ఉంచుకుంటే బాధే లేదు.

అడగకపోయినా ఇంకోటి చెప్పాలి, ఎందుకంటే మన తెలుగువాళ్ల గరాజుల్లో ఇది తప్పకుండా ఉంటుంది. బిర్యానీ గుండిగలకి వాడే జెట్ బర్నరు, దాని ఎర్ర రెగ్యులేటరు. అది 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని పీడనం కొలత), కొన్ని 20 కూడా. గ్రిల్‌కి కావాల్సింది 0.4 పీఎస్ఐ, ఇందాకటి 11 అంగుళాలే. మంట చాలట్లేదని ఆ ఎర్రదాన్ని గ్రిల్‌కి తగిలించిన పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు. పాతిక రెట్ల పీడనం. నాబ్‌లు కరిగి బల్ల మీద కారాయి. ఆయన అదృష్టం, ట్యాంకు చేతికందే దూరంలో ఉండి కట్టేయగలిగారు.

దోశల పెనానికి మాత్రం నిస్సంకోచంగా ముందుకెళ్లండి. ఒక మెళకువ ఉంది. మీ మోడల్‌లో బర్నర్లు ఎడమ నుంచి కుడికి పడుకుని ఉంటాయి, ముందొకటి, మధ్యనొకటి, వెనకొకటి. అందుకని ఎడమ సగం సన్నగా దోశలకి, కుడి సగం గట్టిగా కబాబులకి అని విడదీయలేరు. వేడిని ముందు వెనకలుగానే మార్చగలరు. 2011 నుంచి వచ్చిన జెనెసిస్‌లలో నాబ్‌లు ముందుకొచ్చి, బర్నర్లు ముందు నుంచి వెనక్కి తిరిగాయి, వాటిలో ఆ వెసులుబాటు ఉంది. మీకైతే ఒకేసారి రెండూ కాకుండా, దోశల రోజు దోశలు, చికెన్ రోజు చికెన్.

ఇనుప సామాన్ల షాపులో మూడు పదహారోవంతుల అంగుళం మందం, 14 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పున పలక కోయించుకోండి, మూలలు గుండ్రంగా. సుమారు తొమ్మిది పౌండ్ల బరువొస్తుంది. వంట జాగా మొత్తం కప్పేసే పలక వద్దు. చుట్టూ ఖాళీ లేకపోతే వేడి పైకి పోయే దారిలేక పక్కలకి, నాబ్‌ల వైపు, హోసు వైపు తిరుగుతుంది. కొత్త పలక మీద నీలిబూడిద రంగు పొర ఉంటుంది, దాన్ని వెనిగరులో రాత్రంతా నానబెట్టి తోమేస్తే గానీ నూనె పట్టదు. పట్టాక మూత వేసి పన్నెండు నిమిషాలు కాచి, మూత తీసి, మంట బాగా తగ్గించి, నీళ్లు చిలకరించండి. చుయ్యిమని వెంటనే ఇగిరిపోతే మరీ వేడి, మొదటి దోశ చింపిరి అవుతుంది. చుక్కలు ముత్యాల్లా పరిగెత్తితే ఇంకా వేడి, ఉల్లిపాయ రుద్ది ఒక నిమిషం ఆగండి. నింపాదిగా బుడగలు కడితే గరిట వేసేయొచ్చు. పెసరట్టుకి ఇంతకన్నా మంచి పొయ్యి ఇంట్లో లేదు. అంచులన్నీ ఒకేసారి ఎర్రబడతాయి.

తందూరీ విషయంలో నిజం చెప్పాలి. మట్టి గోడ నాలుగు పక్కల నుంచి కాల్చే కాల్పు ఈ పెట్టెకి రాదు. మూత మూసి బాగా కాచినా 550 డిగ్రీలు దాటడం కష్టం. దగ్గరికి మాత్రం రాగలం. వంట కడ్డీలు తీసేసి, ముందు, వెనక అంచుల మీద రెండు చదరపు ఇనుప కడ్డీలు పెట్టి, వాటి మీద వెడల్పాటి చువ్వలు అడ్డంగా వేయండి. పెట్టె లోతు 15 అంగుళాలు గనక చువ్వ 18 ఉంటే సరిపోతుంది. మాంసం దేనికీ ఆనకుండా గాల్లో వేలాడుతుంది, అందుకే సీఖ్ కబాబ్ అంటుకుని చిరిగే బాధ ఉండదు. చువ్వ సన్నటిది, గుండ్రంగా ఉండేది కొంటే ముక్క తిరగదు, చువ్వ ఒక్కటే తిరుగుతుంది. వెనక రేకుల మీద రెండు ఫైర్ బ్రిక్కులు (మంటకి తట్టుకునే ఇటుకలు) నిలబెడితే మూత తీసినప్పుడల్లా వేడి పడిపోకుండా పట్టి ఉంచుతాయి. నాన్‌కి పిజ్జా రాయి వేసుకోండి. మట్టి తందూరుని ఈ గ్రిల్ పెట్టెలో దింపుతానని మీరు రాశారు, అది మాత్రం చేయకండి. దాని బరువుకి ఈ ఫ్రేమ్ ఆగదు.

గోడకి పది అడుగుల దూరంలో పెట్టుకోండి. మీ వినైల్ సైడింగ్ (గోడకి బయట తొడిగే ప్లాస్టిక్ పలకలు) వేడికి మైనంలా వంకర్లు పోతుంది, నా పక్కింటాయనకి అలాగే పోయింది. ట్యాంకు గరాజులో దాచొద్దు, చలికాలం కూడా బయటే.

అన్నీ అయ్యాక మొదటి వంట చికెన్‌తో చేయకండి. చవకరకం తెల్ల బ్రెడ్డు ఒక ప్యాకెట్టు తెచ్చి, పది నిమిషాలు కాచిన కడ్డీల మీద ముక్కలన్నీ సందు లేకుండా పరచండి. మంట మధ్యస్థంగా ఉంచి, ఒకటిన్నర నిమిషం తరవాత అన్నీ తిప్పి అదే వరసలో పెట్టండి. నల్లబడ్డ చోటు, తెల్లగా మిగిలిన చోటు తేటగా కనపడతాయి. వెనక వరసంతా తెల్లగా ఉంటే వెనక బర్నరు గొట్టంలో గూడు ఇంకా మిగిలి ఉంది. ఎడమ చివరలే తెల్లగా ఉంటే అక్కడి రంధ్రాలు పూడి ఉన్నాయి. ఆ బ్రెడ్డుని ఫోటో తీసి పంపండి, ఏ బర్నరు మళ్లీ విప్పాలో చెప్తాను.